అచ్చయ్య ఏరిన తప్పు కాసులు

అచ్చయ్య చేతిలో పడిన కాసు రెండు వైపులా తిరగకుండా ఇంకొకరి చేతికి పోయేది కాదు. ఆయన గురించి ఏం చెప్పాలన్నా అక్కడే మొదలుపెట్టాలి. పెళ్ళిలో చదివింపుల పళ్ళెం ముందు పెడితే, పెళ్ళికూతురి ముఖం చూడడం మానేసి పళ్ళెంలో చిల్లర తిరగేస్తూ కూర్చున్న పెళ్ళికొడుకు ఆయన. గుడిలో హారతి పళ్ళెంలో వేసిన పది సెంట్లను మళ్ళీ తీసి, కర్పూరం వెలుగులో తిప్పి చూసి, అప్పుడు వేసినందుకు పూజారి మూడు నెలలపాటు ఆయన నుదుటికి విభూతి పెట్టలేదు.

మలయా దేశంలో సుంగై సుమున్ అనే ఊళ్ళో, కొట్ల వెనక అద్దె గదిలో, రోజూ తెల్లవారి ఐదింటికి ఒక బిస్కెట్ల డబ్బా గలగలమనేది. అందులోని కాసులన్నీ పళ్ళెంలో పోసుకుని, దీపం దగ్గరకు జరిగి, ఒక్కొక్కటే తిప్పి చూసుకునేవాడు. ఆయన పెళ్ళాం పోలమ్మ కాఫీ కలిపి తెచ్చేసరికి గ్లాసు పెట్టడానికి పళ్ళెం ఖాళీ ఉండేది కాదు. నేల మీదే పెట్టి, “మావా, కాఫీ” అనేది. “ఆఁ” అనేవాడు. మూడోసారి పిలిచేసరికి ఆయన కాఫీ మీదా, ఆయన కోసం ఆగిన ఆమె కాఫీ మీదా మీగడ కట్టేది. ఇప్పుడు ఆయన లేకపోయినా ఐదింటికి ఆమెకు మెలకువ మాత్రం వస్తుంది. పళ్ళెం ఖాళీగా ఉంటుంది, కాఫీ వేడిగా ఉంటుంది. వేడి కాఫీ తాగడం పోలమ్మకు ఇంకా అలవాటు కాలేదు.

బాగన్ డాటో నుంచి తెలుక్ అన్సన్ పోయే బస్సుకు అచ్చయ్య కండక్టరు. మనిషి సన్నగా, పొడుగ్గా, ఒక్కచోట నిలబడలేని రకం. బస్సు ఆగినా ఆయన కాళ్ళు ఆగేవి కావు. చేతిలో కాసు ఉన్నప్పుడు మాత్రం కొయ్యలాగా నిలబడిపోయేవాడు. రాజుదో రాణిదో తల నిటారుగా పట్టుకుని, కాసును పక్కకు తిప్పితే వెనక అంకె కూడా నిటారుగా ఉండాలి. ఒరిగి ఉంటే అది తల తిరిగిన కాసు. బొమ్మ ఒక పక్కకు జారితే అచ్చు జరిగిన కాసు. అంచు నెలవంకలాగా తెగి ఉంటే కొరికిన కాసు. కాసులు పోసే కార్ఖానాలో లక్ష మంచివి పోస్తే ఒక్కటి ఇలా తప్పుతుందట.

“తప్పు కాసుకి విలువేటి మావా? తప్పు తప్పే గదా?” అని పోలమ్మ ఒకసారి అడిగింది.

“పిచ్చిదానా, తెలుక్ అన్సన్‌లో గడియారం గోపురం సూసినావా? ఒరిగిపోయి ఉన్నాది. తిన్నగా ఉన్న మేడలు ఆ ఊళ్ళో వంద ఉన్నాయి. ఒక్కదాన్నయినా ఎవుడైనా ఆగి సూస్తన్నాడా?”

అసలు ఆ మనిషిని పోలమ్మ మొదటిసారి చూసింది ఆ గోపురం దగ్గరకు పోయే బస్సులోనే. అడవిలోని కమ్యూనిస్టులకూ తెల్లదొరల సర్కారుకూ నడిచిన పోరు, ఆ ఎమర్జెన్సీ, ఇంకా మొదలవలేదు. కొబ్బరితోట కూలీల లైను ఇంటినుంచి తల్లితో కలిసి హుతాన్ మెలింతాంగ్ సంతకు బయలుదేరింది. తన టికెట్టుకు నాలుగు సెంట్లు. ఐదు కాసులు, అప్పటి నలుపలకల ఒక సెంటు రాగి కాసులు, కండక్టరు చేతిలో పోసింది. ఆయన టికెట్టు చింపి ఇచ్చాడు. మిగిలిన కాసు వెనక్కి ఇవ్వబోయి, తిప్పి చూశాడు. రెండు మైళ్ళు చూశాడు. హుతాన్ మెలింతాంగ్ వచ్చాక తలెత్తి, “మీ నాన్న ఏ తోట?” అని అడిగాడు. నెల తిరగకుండా పెళ్ళి మాటలకు మనుషులొచ్చారు. కాసు మాత్రం తిరిగి రాలేదు.

“పెళ్ళికి ముందే నా చిల్లర మింగినాడు” అని పోలమ్మ ఊరంతా చెప్పేది. ఇంట్లో ఏ తగువు వచ్చినా చివరికి అక్కడికే వచ్చి ఆగేది. “ముందు నా సెంటు నాకిచ్చి మాటాడు!”

ఆ తరువాత ఎమర్జెన్సీ వచ్చింది. తోటల చుట్టూ, ఊళ్ళ చుట్టూ ముళ్ళకంచెలు లేచాయి. సాయంత్రం ఆరు దాటితే కర్ఫ్యూ. బియ్యం కొలిచి ఇచ్చేవాళ్ళు. గేటు దాటేటప్పుడు అడవిలో వాళ్ళకు తీసుకుపోతున్నారేమోనని కొంగు ముళ్ళు కూడా విప్పించేవాళ్ళు. బస్సుల్ని ఆపి తగలబెట్టిన రోజులవి. నాలుగింటికి రావలసిన బస్సు నాలుగుంపావుకు రాకపోతే పోలమ్మ చేతులు ఊరుకునేవి కావు. చీపురో చేటో అందుకుని ఏదో ఒక పని పెట్టుకునేది.

అందుకే ఆమెకు కుట్టుమిషను కావాలి. రవికలు, పిల్లల గౌన్లు కుడితే నాలుగు డబ్బులొస్తాయి, చేతులకూ ఒక పని ఉంటుంది. కొట్టువాడు ముప్పై డాలర్లు ముందు కడితే మిషను ఇంటికి పంపిస్తానన్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ ముప్పై ఎప్పుడూ కూడలేదు. జీతం తెచ్చిన రోజు అచ్చయ్య జేబులో ఎప్పుడూ ఏదో తక్కువ.

“నా సొంత కాసులు యేసి ఆ తప్పు కాసులు తీసుకుంటన్నాను పోలీ. కంపెనీది ఒక్క సెంటు ముట్టను. ఆ డబ్బాలోనే నీ మిసను ఉన్నాది.”

“డబ్బా మూత తీసి సూస్తే సూది కూడా కనిపిస్తా నేదు మావా.”

బస్సులో ఆయన వేషాలు చూసినవాళ్ళు ఇంటికొచ్చి మరీ చెప్పిపోయేవాళ్ళు. కమలం అనే తమిళమ్మాయి ఉండేది. ఎవరికో అరసేరు బియ్యం ఇచ్చాడన్న అనుమానం మీద మొగుణ్ణి పట్టుకుపోయి కాంపులో పెట్టారు. అర్జీ పట్టుకుని ఆమె నెలకు రెండుసార్లు తెలుక్ అన్సన్ పోయేది. టికెట్టు ముప్పై సెంట్లు. ఆమె కొంగులోంచి ఒక పది సెంట్ల కాసు తీసి, ఏదో చెప్పబోయేది. అచ్చయ్య ఆ మాట బయటికి రానిచ్చేవాడు కాదు.

“ఓలమ్మో! ఇదెక్కడిదమ్మా నీకు? ఈరసామీ, బండి ఆపెహె!”

డ్రైవరు వీరసామి ఆపేవాడు కాదు. ఆపితే మళ్ళీ కదలదని అనుభవం. అద్దంలోంచే అరిచేవాడు. “ఏటయినాది బావూ? మళ్ళీ రాణికి మెడ పట్టినాదా?”

“మెడ కాదురా, ముక్కు! రాణి ముక్కు రెండచ్చులు పడినాది. అమ్మా కమలం, ఇది మామూలు కాసు కాదు. పెనాంగులో దీనికి అరవై సెంట్లు. నాకు అమ్మెయ్యి. ఇదిగో టికెట్టు, ఇదిగో ముప్పై.”

“మొన్న కూడా నా కాసే తప్పన్నారు గదండీ.”

“కొందరి చేతి వాటం అంతేనమ్మా. తప్పు కాసులు ఎతుక్కుంటా వస్తాయి.”

కాలిపుండుకు కట్టు కట్టించుకోవడానికి ఆస్పత్రికి పోయే ముసలి పకీరిసామి ఒకసారి సోడా మూత ఇచ్చాడు. చూపు ఆనక ఇచ్చాడో, ఇంకేమీ లేక ఇచ్చాడో ఎవరికీ తెలియదు. అచ్చయ్య దాన్ని కూడా రెండు వైపులా తిప్పి చూసి, “తాతా, ఇది మరీ తప్పినాది. రాజూ నేడు, రాణీ నేదు!” అని చేతి నిండా చిల్లర పెట్టాడు. బస్సంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఆ కథ విన్న పోలమ్మకు మాత్రం నవ్వు రాలేదు. సోడా మూతకు కూడా డబ్బులిచ్చేవాడి ఇంటికి మిషను ఏనాటికి వస్తుంది?

ఆ ఆశ యాభై ఏడో సంవత్సరం ఆగస్టులో మళ్ళీ లేచి కూర్చుంది. వచ్చే శనివారం మెర్డెకా, స్వరాజ్యం పండగ అనగా, ఈ శనివారం పెనాంగు నుంచి ఒక చీనా వర్తకుడు, తౌకే, తెలుక్ అన్సన్ వస్తున్నాడని, తప్పు కాసులు కొంటాడని అచ్చయ్య వార్త తెచ్చాడు. స్వరాజ్యం వచ్చాక ఇప్పటి కాసులు మారతాయట, పాతవి ఏరుకునేవాళ్ళు ఎక్కువయ్యారట. “నువ్వూ రా పోలీ. నీ కళ్ళతో సూద్దువు గాని. మిసను కొట్టు కూడా పక్క సందులోనే” అన్నాడు. ఆ వారమంతా ఆయన నిద్రపోలేదు, ఆమెను పోనివ్వలేదు.

శుక్రవారం బస్సు నాలుగింటికి రాలేదు. నాలుగున్నరకు రాలేదు. ఐదింటికి ఎవరో సైకిలు మీద పోతూ, దారిలో ఒక బస్సును ఆపేశారటని చెప్పి పోయారు. ఎవరు ఆపారో చెప్పలేదు. పోలమ్మ పొద్దున తోమిన దీపం కుందులు మళ్ళీ తోమింది. చెంబులు, పళ్ళేలు తోమింది. మూకుడు అడుగు తోమింది. పక్కింటి అప్పలమ్మ, “నా సెంబు నిన్ననే తోమినానే” అని మొత్తుకుంటున్నా వినకుండా లాక్కుని తోమింది. ఇంకా చింతపండు మిగిలింది. బస్సు రాలేదు. అప్పుడు బిస్కెట్ల డబ్బా కనిపించింది.

రేపు తౌకే ముందు ఈ మురికి కాసులు ఎలా పెడతాం? మెరిస్తే నాలుగు డబ్బులు ఎక్కువిస్తాడు. పోలమ్మ అరవై కాసుల్నీ చింతపండు, బూడిద, కొబ్బరి పీచు పెట్టి తోమింది. గుడిలో గంటల్లాగా మెరిశాయి. చేటలో ఆరబోసింది.

బస్సుకు జరిగింది వేరు. హుతాన్ మెలింతాంగ్ దగ్గర పోలీసులు ఆపి సోదా చేశారు. ఆనాడు ఏరిన మూడు కాసుల్ని అచ్చయ్య పాత టికెట్లలో చుట్టి, పైన పెన్సిలుతో తప్పు రాసుకున్నాడు. తెల్లదొర అవి చూసి, ఇవి అడవిలోవాళ్ళకు పోయే చీటీలే అన్నాడు. తెలుగు వచ్చిన కానిస్టేబుల్ గోవిందన్ ఒక్కొక్కటే విప్పి చదివాడు: “అంచు కొరికినాది. బొమ్మ జారినాది. ముక్కు వాచినాది.”

“ఎవరి ముక్కు?” అని దొర తుపాకీ సర్దుకున్నాడు.

అచ్చయ్య భయపడడానికి మారుగా ఉత్సాహపడిపోయాడు. ఇన్నేళ్ళకు అడిగినవాడు దొరికాడు! బల్ల మీద కాసులు పరిచి, వంకర మలాయి భాషలో మొదలుపెట్టాడు. పావుగంటకు దొర తన జేబులో చిల్లర తీసి బల్ల మీద పోశాడు. అరగంటకు పోలీసులందరి చిల్లరా బల్ల మీదకు వచ్చింది. ప్రయాణికులు రోడ్డు పక్కన కూర్చున్నారు. వీరసామి స్టీరింగు మీద తల పెట్టి గురక పెట్టాడు. చివరికి ఒక ఇరవై సెంట్ల కాసుకు అంచు తెగి ఉందని దొర తనే కనిపెట్టి, పసిగుంటడిలాగా కేకవేశాక గాని బస్సు కదల్లేదు. కర్ఫ్యూ దాటిపోతుందని దొర తన జీపునే ముందు తోలించాడు.

అచ్చయ్య గుమ్మంలోకి వచ్చి, “పోలీ, ఈనాడు ఏటి జరిగినాదంటే” అనబోయాడు. ఎదురుగా కొబ్బరి పీచు వచ్చి ముఖాన తగిలింది. వెనకే పోలమ్మ ఏడుపు వచ్చింది. ఆ వెనక, చేటలో మెరుస్తున్న అరవై కాసులు కనిపించాయి.

చేతిలో కాసు లేకుండానే ఆయన కాళ్ళు మొదటిసారి ఆగిపోయాయి. చేట ముందు చతికిలబడ్డాడు.

“పోలీ. ఈటితో పులుసు పెట్టినావా?”

“మెరిస్తే ఎక్కువిస్తాడని తోమినాను మావా.”

“తోమిన కాసు ఆడు ముట్టుకోడే. పాత మురికికే ధర. మురికి పోతే ధర పోనాది.”

పోలమ్మ నెత్తి కొట్టుకోబోయి ఆగింది. తోముతున్నంతసేపూ మనసు రోడ్డు మీద ఉన్నా కళ్ళు కాసుల మీదే ఉన్నాయి. తొమ్మిదేళ్ళు రోజూ తెల్లవారి ఆయన వాగుడు వినీ వినీ, ఆమె కళ్ళకూ చదువు వచ్చేసింది. ఒక పది సెంట్ల కాసు తీసి, తల నిటారుగా పట్టుకుని, పక్కకు తిప్పింది.

“మావా, మురికి సంగతి సరే. ఇందులో తప్పెక్కడున్నాదో సూపించు.”

“అదా… అది కమలానిదిలే.”

“ఎవురిదని అడగనేదు. తప్పేదని అడిగినాను. ముక్కు ఒకటే ఉన్నాది. సక్కంగా ఉన్నాది.” ఇంకొకటి తీసింది. “ఇదో?”

“అది మొగుడు సచ్చిపోయిన ఆ పాలమ్మే ముసిల్దానిది. కొడుకుని సూడ్డానికి ఎల్లిన రోజుది.”

“ఇదీ తిన్నగానే ఉన్నాది. ఇది?”

“తాత… పకీరిసామిది. మూత తరవాత ఇచ్చినాడు.”

అరవైలో యాభై ఆరు తిన్నగా ఉన్నాయి. కార్ఖానావాడు ఎంత శుభ్రంగా పోశాడో అంత శుభ్రంగా ఉన్నాయి. ఏ కాసు మీద ఏ తప్పు అని ఆయన కథ అల్లాడో ఆయనకే గుర్తులేదు. ఏ కాసు ఎవరిదో మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు.

“ఊరికే టికెట్టు ఇస్తే దిగిపోతారే పోలీ” అన్నాడు నేల చూస్తూ. “పకీరిసామి ఒకసారి నిజంగా దిగిపోనాడు. ఆ పుండు కాలితో నడిసి ఎల్లినాడు. అమ్మకం అయితే దిగరు. అమ్మినోళ్ళు దరిజాగా కిటికీ పక్కన కూకుంటారు.”

పోలమ్మ ఆ యాభై ఆరు కాసుల్నీ చేటలో ఒక పక్కకు జరిపింది. నవ్వాలో కొట్టాలో తేలలేదు.

“అయితే తొమ్మిదేళ్ళూ నా మిసను బస్సెక్కి తిరిగినాదన్నమాట.”

“టికెట్టు కొనే తిరిగినాదే” అన్నాడు అచ్చయ్య.

తెల్లవారి ఇద్దరూ తెలుక్ అన్సన్ పోయారు. ఒరిగిన గోపురానికి మెర్డెకా జెండాలు కడుతున్నారు. జెండాలు తిన్నగా వేలాడితే గోపురం ఇంకా ఒరిగినట్టు కనిపిస్తోంది. కాఫీ కొట్లో తౌకే కూర్చున్నాడు. చేటలోంచి మూటకు ఎక్కిన అరవై కాసులూ చూసి, “ఎవరు కడిగారు?” అని మలాయిలో ఒక్క మాట అడిగాడు. నిజంగా తప్పిన నాలుగింటినీ కూడా వేలితో పక్కకు నెట్టేశాడు. పోలమ్మ తల దించుకుంది.

అప్పుడు అచ్చయ్య చొక్కా లోపలి జేబు పిన్నీసు విప్పాడు. ఆ జేబులోది చొక్కా ఉతికేటప్పుడు కూడా ఆమె చేతికి ఇచ్చేవాడు కాదు. అందులోంచి ఒక కాసు తీసి బల్ల మీద పెట్టాడు. బొగ్గులాగా నల్లగా ఉంది. నాలుగు పలకల ఒక సెంటు. ముందు రాజు తిన్నగా ఉన్నాడు. వెనక అంకె ఒక మూలకు ఒరిగి, గోడకు చేరబడి కునుకు తీస్తున్నట్టు ఉంది.

తౌకే కాఫీ కప్పు నోటిదాకా పోకుండా ఆగింది. భూతద్దం తీసి చూశాడు. కిటికీ దగ్గరకు పోయి చూశాడు. వెనక్కి వచ్చి, “ఇది కడగలేదు. మంచిది. ముప్పై డాలర్లు” అన్నాడు. “ఎక్కడ దొరికింది?”

అచ్చయ్య మలాయిలోనే చెప్పాడు. “ఇది నాది కాదు, తౌకే. ఈమెది. పది సంవత్సరాల కింద నా బస్సులో ఇచ్చింది. చిల్లర తిరిగి ఇవ్వడానికి చూశాను. ఇవ్వలేకపోయాను. ఇచ్చేస్తే దిగి వెళ్ళిపోతుంది గదా.” అని పోలమ్మ వైపు తిరిగి తెలుగులో, “తీసుకో పోలీ. పక్క సందులో మిసను ఉన్నాది” అన్నాడు.

తౌకే మూడు పది డాలర్ల నోట్లు బల్ల మీద పరిచాడు. పోలమ్మ నోట్ల వంక చూసింది. మొగుడి వంక చూసింది. ఆయన పైకప్పు వంక చూస్తున్నాడు, కాళ్ళు బల్ల కింద ఒకటే కదులుతున్నాయి. ఆమె చెయ్యి చాచి కాసు తీసి కొంగున ముడి వేసుకుంది.

“నా సిల్లర” అంది. “పదేళ్ళ నుంచి రావాలి. ముట్టినాది. పద మావా, బస్సుకి టైమవుతున్నాది.”

మిషను ఆ తరువాత మూడేళ్ళకు, ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు వచ్చింది. పాతది, పెడలు కిర్రుమనేది. మొదట వచ్చింది కమలమే. మొగుడు విడుదలై వచ్చాడు, ఎర్రగుడ్డ తెచ్చింది. రవిక కుట్టించుకుని కూలి ఇవ్వబోతే, పోలమ్మ ఆ కాసును రెండు వైపులా తిప్పి చూసి, ముఖం వీలైనంత గంభీరంగా పెట్టింది.

“కమలం, ఇది మామూలు కాసు కాదు. దీనికి నాలుగు రవికలు కుట్టాలి.”

కమలం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఆ ముక్కు మాట బస్సులోనే తెలుసక్కా నాకు.”

“తెలిసీ ఊరుకున్నావా?”

“అన్న అంత కష్టపడి అబద్ధం సెప్తా ఉంటే మద్దిలో ఆపడం మరియాద కాదు గదక్కా.”

వాకిట్లో కూర్చున్న అచ్చయ్య ఆ మాట వినబడనట్టు, చేతిలో కాసును ఇంకొంచెం ఎండకు పట్టుకున్నాడు.

ఇప్పుడు వాకిలి ఖాళీ. శుక్రవారం వస్తే పోలమ్మ చింతపండు నానబెడుతుంది. కుందులు తోముతుంది, చెంబులు తోముతుంది, చేతులు ఇంకా ఊరుకోకపోతే అప్పలమ్మ చెంబు లాక్కుంటుంది. దీపం పక్కన ఆ నలుపలకల కాసు ఉంటుంది, మునుపటికంటే నల్లగా.

“దాన్ని కూడా ఓసారి రుద్దెయ్యరాదా, మసిబొగ్గులాగా ఉన్నాది” అంటుంది అప్పలమ్మ ప్రతి వారమూ.

పోలమ్మ కాసును తీసి, తల నిటారుగా పట్టుకుని, పక్కకు తిప్పి చూస్తుంది. అంకె మూలకు ఒరిగే ఉంటుంది. మిగిలిన చింతపండు పారబోసి, చేతులు కడుక్కుని, దాన్ని ఆ మురికితోనే మళ్ళీ దీపం పక్కన పెడుతుంది.